లైసెన్సు నాది, తొందర మా వారిది: కాలిఫోర్నియాలో ఫిజియోథెరపీ క్లినిక్‌కు ఏ సంస్థ పెట్టాలి?

నడక_క్లినిక్ | ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్లిపోవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. కాలిఫోర్నియాలో తొమ్మిదేళ్లుగా జీతానికి పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టును. గ్రీన్‌కార్డు ఉంది. నాతోపాటు పనిచేసిన స్నేహితురాలు ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆమె ఇక్కడి పౌరురాలు. ఇద్దరం కలిసి చిన్న క్లినిక్ పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాం. నడుములు, మోకాళ్లు నావి. మణికట్లు, వేళ్లు ఆమెవి.

మా వారు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. నెల క్రితం ఒక రాత్రి భోజనం చేశాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇరవై నిమిషాల్లో ఒక ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) నమోదు చేసేశారు. నాకు 40 శాతం, ఆమెకు 40, ఆయనకు 20. 70 డాలర్ల ఫీజు కట్టారు, ఆ వారమే బ్యాంకు ఖాతా కూడా తెరిచారు. ఎక్కడా ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. తీరా ఒక బీమా కంపెనీ ప్యానెల్‌లో చేరడానికి దరఖాస్తు పంపితే, ఈ రకం సంస్థ కాలిఫోర్నియాలో ఫిజియోథెరపీ సేవలు అందించడానికి వీల్లేదని ఒకే ఒక్క వాక్యంతో తిప్పి పంపారు.

"ప్రభుత్వమే ముద్ర వేసి ఇచ్చింది కదా, కాదనడానికి వీళ్లెవరు?" అంటారు మా వారు. నాకేమో కాళ్లూ చేతులూ ఆడటం లేదు. వచ్చే నెలలో క్లినిక్ స్థలానికి లీజు సంతకం ఉంది. ఇప్పుడు ఏం చేయాలి? అసలు మేం పెట్టవలసింది ఏ సంస్థ?

లెక్కలమనిషి | ఆదివారం రాత్రి 11:03

నేను కాలిఫోర్నియాలోనే సీపీఏను, అంటే లైసెన్సున్న అకౌంటెంటును. ముందు మీ వారికి జవాబు. సంస్థలను నమోదు చేసే రాష్ట్ర కార్యాలయం కాగితాలు తీసుకుని దాఖలు చేస్తుంది, అంతే. లోపల మీరు కేకులు అమ్ముతారో, మోకాళ్లు సరిచేస్తారో వాళ్లు పరీక్షించరు. ముద్ర పడింది కాబట్టి వైద్య సేవలు చేసుకోవచ్చని కాదు.

లైసెన్సుతో చేసే వృత్తి సేవలను ఎల్‌ఎల్‌సీ ద్వారా అందించకూడదని ఈ రాష్ట్ర చట్టం చెబుతుంది. ఇతర రాష్ట్రాల్లో దొరికే పీఎల్‌ఎల్‌సీ, అంటే లైసెన్సున్న వృత్తులవారి ఎల్‌ఎల్‌సీ, ఇక్కడ లేనే లేదు. న్యాయవాదులు, సీపీఏలు, ఆర్కిటెక్టుల వంటి కొద్దిమందికి ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) దారి ఉంది, మీకు అదీ లేదు. మీకు మిగిలేది ప్రొఫెషనల్ కార్పొరేషన్, అందరూ పీసీ అంటారు. 1968 నాటి మాస్కోనీ-నాక్స్ చట్టం కింద వస్తుంది.

రెండు చేదు మాటలు కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఒకటి, మీ వారికి అందులో ఒక్క షేరు కూడా ఉండకూడదు. లైసెన్సు లేనివారు వాటాదారులు కాలేరు. రెండు, మీ స్నేహితురాలికి సగం ఇవ్వలేరు. ఫిజియోథెరపీ కార్పొరేషన్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టులు, నర్సులు, డాక్టర్ల వంటి మరికొందరు లైసెన్సుదారులకు చట్టం చోటిచ్చింది. కానీ వాళ్లందరి వాటా కలిపి 49 శాతం దాటకూడదు. వాటాలున్న ఫిజియోల కంటే వాళ్ల సంఖ్య ఎక్కువ కాకూడదు. మీరు ఒకరు, ఆమె ఒకరు కాబట్టి సంఖ్యతో ఇబ్బంది లేదు. 51, 49 అంతే.

పళ్ల_వైద్యుడు | సోమవారం ఉదయం 6:40

టెక్సాస్‌లో దంతవైద్యుణ్ని. ఇక్కడ పీఎల్‌ఎల్‌సీ పెట్టడం చాలా తేలిక. 300 డాలర్లు కట్టాను, పని అయిపోయింది. ఇంత గొడవ ఎందుకమ్మా, సంస్థను మా రాష్ట్రంలో పెట్టి అక్కడ నడుపుకోకూడదా? డెలావేర్‌లో పెడితే మంచిదని కూడా చాలామంది అంటారు.

లెక్కలమనిషి | సోమవారం ఉదయం 7:15

డాక్టరు గారూ, రోగి నడుము మీద చేయి పడేది కాలిఫోర్నియాలో. అక్కడి లైసెన్సు, అక్కడి బోర్డు, అక్కడి చట్టం. బయటి రాష్ట్రంలో పుట్టిన సంస్థ ఇక్కడ వ్యాపారం చేయాలంటే మళ్లీ ఇక్కడే నమోదు కావాలి, ఇక్కడి పన్ను కట్టాలి, ఇక్కడ కూడనిది బయటి నుంచి వచ్చినా కూడదు. డెలావేర్ మాట పెట్టుబడిదారుల కోసం వెతుక్కునే సాంకేతిక కంపెనీలకు సరిపోతుంది. ఇద్దరు థెరపిస్టులకు అది రెండు చోట్ల ఫీజు కట్టే సరదా మాత్రమే.

ఉక్కుదూలం | సోమవారం మధ్యాహ్నం 12:31

మా న్యూయార్క్ వాళ్ల కష్టం ముందు మీది ఏపాటిది! నేను స్ట్రక్చరల్ ఇంజినీరును. ఇక్కడ పీఎల్‌ఎల్‌సీ పెడితే, పుట్టిన 120 రోజుల్లోపు రెండు వార్తాపత్రికల్లో ఆరు వారాల పాటు వరుసగా ప్రకటన వేయాలి. కౌంటీని బట్టి ఖర్చు ఆకాశానికీ పాతాళానికీ తేడా. మాన్‌హటన్ ధర విని నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పీసీ పెడితే ఈ ప్రకటన అవసరం లేదు. ఆ ఒక్క కారణంతో పీసీ వైపు మొగ్గినవాళ్లు నాకు తెలుసు. ఇక్కడ సంస్థ కాగితాల వెంట రాష్ట్ర విద్యాశాఖ ధ్రువపత్రం కూడా జతచేయాలి. మాలాంటి వృత్తుల లైసెన్సులు ఆ శాఖ చేతిలోనే ఉంటాయి.

ఇంజినీర్లు, ఆర్కిటెక్టులకు మాత్రం 2012 నుంచి డీపీసీ అనే ప్రత్యేక కార్పొరేషన్ వచ్చింది. అందులో లైసెన్సు లేనివాళ్లకు 25 శాతం లోపు వాటా ఇవ్వవచ్చు. మా ఆఫీసు లెక్కలు చూసే ఆమెకు ఇరవై ఏళ్ల తర్వాత వాటా దక్కింది అలాగే. ఒకే దేశంలో ఒక్కో రాష్ట్రం ఒక్కో పురాణం.

ఒంటరి_స్టెత్ | సోమవారం రాత్రి 8:05

ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్ని. ఏ సంస్థా లేదు. నా పేరు, నా లైసెన్సు, వైద్యంలో పొరపాటు జరిగితే ఆదుకునే ఒక మంచి మాల్‌ప్రాక్టీస్ బీమా పాలసీ. సంస్థ పెడితే ఇల్లు భద్రం అని అమ్ముతున్నవాళ్లందరూ ఒక మాట దాస్తారు. మీరు చేసిన తప్పుకు మీరే బాధ్యులు. పీసీ అయినా, పీఎల్‌ఎల్‌సీ అయినా, ఇంకేదైనా. అటువంటప్పుడు ఏటా 800 డాలర్లు రాష్ట్రానికి, రెండో పన్ను రిటర్నుకు సీపీఏకు, సమావేశాల మినిట్స్ పుస్తకానికి న్యాయవాదికి ఎందుకు సమర్పించుకోవాలి? ఈ చర్చలో ఎవరైనా సూటిగా చెప్పండి.

నల్లకోటు | సోమవారం రాత్రి 9:48

సూటిగా చెబుతాను. వృత్తి సంస్థలు నమోదు చేయడమే పనిగా చాలా ఏళ్లు గడిపిన న్యాయవాదిని. డాక్టరు గారు చెప్పింది తన వరకు నిజం. ఒక్కరే ఉండి, ఉద్యోగులు లేకుండా, సొంత చేతులతో చేసే పనికి సంస్థ ఇచ్చే రక్షణ పలచటి గొడుగు. కానీ ఈ అమ్మాయి ఒక్కరే కాదు. అక్కడే లెక్క మారుతుంది.

ఫిజియో క్లినిక్‌లో వేడి కాపడం సంచి ఉంటుంది కదా. దానితోనే చూద్దాం. రోగికి మధుమేహం, పాదాల్లో స్పర్శ తగ్గింది. మీరు సంచి పెట్టి పక్క గదికి వెళ్లారు, పావుగంట ఆలస్యమైంది, చర్మం కాలింది. బాధ్యత మీది. మీ సంస్థ ఏదైనా సరే, రోగి తరఫు న్యాయవాది మీ పేరే మొదట రాస్తాడు. ఇప్పుడు ఆ సంచి పెట్టింది మీ సహాయకుడు, పర్యవేక్షణ మీది అనుకోండి. పర్యవేక్షణ లోపం కూడా మీ లోపమే, కాబట్టి మళ్లీ మీరే. మూడోసారి మీరు సెలవులో ఊరెళ్లారు, మీ స్నేహితురాలు తన రోగి చేతికి వేడి మైనం స్నానం పెట్టి కాల్చింది. ఇక్కడ సంస్థ పనిచేస్తుంది. ఆమె బాధ్యురాలు, కార్పొరేషన్ బాధ్యురాలు, మీ ఇంటి జోలికి రారు. అదే మీరిద్దరూ ఏ నమోదూ లేకుండా కలిసి లాభాలు పంచుకుంటూ పనిచేస్తుంటే చట్టం మిమ్మల్ని సాధారణ భాగస్వాములుగా చూస్తుంది. ఆమె కాల్చిన చేతికి మీ పొదుపు ఖాతా కూడా జవాబు చెప్పాలి. నాలుగోది, రోగితో వచ్చిన పెద్దాయన తడిగా ఉన్న గడప దగ్గర జారిపడ్డాడు. అది వైద్యం కాదు, స్థలం సంగతి. సాధారణంగా కార్పొరేషన్ దగ్గర ఆగుతుంది, స్థలం బీమా ఉంటే ఇంకా ముందే ఆగుతుంది.

అంటే మీ తప్పుకు పాలసీ, మీ భాగస్వామి తప్పుకు సంస్థ. ఒకటి ఉందని రెండోది మానేస్తే సగం ఇంటికే తాళం వేసినట్టు.

చరిత్ర మీద మోజున్నవాళ్లకు ఒక ముచ్చట. డాక్టర్లు కార్పొరేషన్ల వెంట పడింది మొదట్లో బాధ్యత భయంతో కాదు, పింఛను కోసం. మోంటానా డాక్టర్ల బృందం ఒకటి తమను పన్ను లెక్కలో కార్పొరేషన్‌లా చూడమని కోర్టుకెళ్లి 1954లో గెలిచింది, కింట్నర్ కేసు. జీతగాళ్లకున్న పింఛను సౌకర్యాలు వాళ్లకూ కావాలి, అదీ అసలు సంగతి. 1961 నుంచి రాష్ట్రాలు వరుసగా వృత్తి కార్పొరేషన్ల చట్టాలు చేశాయి. ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్ 1969 దాకా పోరాడి చేతులెత్తేసింది. ఇప్పుడు పీసీ చట్టాల్లో కనిపించే వింత నిబంధనలకు చాలా వరకు పుట్టుక ఆ కాలమే.

ఒంటరి_స్టెత్ | సోమవారం రాత్రి 10:20

మూడో ఉదాహరణ ఒప్పుకుంటున్నాను. భాగస్వామిని పెట్టుకోకపోవడమే నా సంస్థ.

వీసా_నీడలో | మంగళవారం ఉదయం 5:55

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను హెచ్‌-1బీ మీద ఉన్న డాక్టర్ని. నా పేరుతో పీఎల్‌ఎల్‌సీ పెట్టి వారాంతాల్లో టెలిమెడిసిన్ చేసుకోవచ్చా? సంస్థ నాదే కాబట్టి అది ఉద్యోగం కాదని ఒక మిత్రుడు అంటున్నాడు.

నల్లకోటు | మంగళవారం ఉదయం 8:30

మీ మిత్రుడికి వీసా అవసరం లేదనుకుంటాను, అందుకే అంత ధైర్యం. సంస్థలో వాటా ఉండటం వేరు, ఆ సంస్థ కోసం పనిచేయడం వేరు. రోగిని చూశారంటే అది పనే. ఆ సంస్థ మీ తరఫున పిటిషన్ వేసి ఆమోదం పొందకుండా చేస్తే మీ వీసా స్థితి పోతుంది. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో, నియంత్రణ వాటా ఉన్న యజమాని కూడా తన సంస్థ ద్వారా హెచ్‌-1బీ పొందే దారి స్పష్టం చేశారు. కానీ మొదటి ఆమోదమూ, మొదటి పొడిగింపూ ఒక్కొక్కటి 18 నెలలకే పరిమితం. వలస న్యాయవాదితో కూర్చోకుండా ఒక్క అడుగు కూడా వేయకండి. మిగతాది వేరే చర్చలో మాట్లాడుకుందాం, ఇక్కడ ఈ అమ్మాయి లీజు తేదీ దగ్గర పడుతోంది.

నడక_క్లినిక్ | మంగళవారం రాత్రి 9:17

అందరికీ ధన్యవాదాలు. వేడి సంచి ఉదాహరణ చదివి రాత్రి నిద్రపట్టలేదు. మా పాత చోట నిజంగానే అలాంటిది ఒకటి తృటిలో తప్పింది.

51, 49 మాట స్నేహితురాలికి చెప్పాను. "చట్టం అలా ఉంటే అలాగే కానీ" అంది. కానీ ఆ తర్వాత సాయంత్రమంతా ఒక్క మెసేజ్ కూడా లేదు. ఎప్పుడూ పది పంపే మనిషి. మా వారు కూడా మాటల్లో బయటపడలేదు గానీ, "సరే, నాకేమీ లేదన్నమాట" అని నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. ఆయన సేవ్ చేసిన డబ్బుతోనే యంత్రాలు కొంటున్నాం మరి. కార్యదర్శిగా అయినా ఆయన పేరు పెట్టవచ్చా?

ఇంకో సందేహం. లాభాన్ని సగం సగం పంచుకుంటే 49 బాధ తీరుతుంది కదా?

నల్లకోటు | మంగళవారం రాత్రి 10:41

కార్యదర్శి పదవి కూడా కుదరదు. మీరు ఒక్కరే వాటాదారు అయితే అధ్యక్ష, కోశాధికారి పదవులు మీవి, మిగతా పదవుల్లో లైసెన్సు లేనివారు ఉండవచ్చు. ఇద్దరు వాటాదారులున్న చిన్న పీసీలో ఆ ఇద్దరే డైరెక్టర్లుగా ఉండి, నాలుగు పదవులనూ తమ మధ్యే పంచుకోవాలి. మీ వారిని జీతమిచ్చి కార్యాలయ నిర్వాహకుడిగా పెట్టుకోవచ్చు. ఆయన డబ్బు పెడుతుంటే సంస్థకు అప్పుగా ఇచ్చినట్టు వడ్డీ రేటుతో పత్రం రాసుకోండి. ఆయనకు ఇంకో మాట కూడా చెప్పండి. కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదించుకున్న ఆస్తి ఇద్దరిదీ. షేర్ల మీద పేరు మీదే ఉన్నా, కాపురం సాగుతుండగా పెరిగిన వాటి విలువలో ఆయనకు సగం హక్కు ఉంటుంది. ఓటు ఉండదు, విలువ ఉంటుంది. అందుకే ఒప్పందంలో జీవిత భాగస్వాముల సమ్మతి పత్రం పెట్టించుకుంటాం. ఆమె భర్త చేత కూడా సంతకం చేయించండి.

ఇక మీ స్నేహితురాలి మౌనం. ఆమెను నొప్పించింది రెండు శాతం డబ్బు కాదు, రేపు మీరు ఒంటరిగా నిర్ణయాలు తీసుకోగలరన్న భయం. దాన్ని కాగితం మీద తీర్చవచ్చు. కొత్తవారికి వాటా ఇవ్వడం, ఒక మొత్తం దాటిన అప్పు, లీజు, జీతాలు మార్చడం, క్లినిక్ అమ్మకం వంటివాటికి ఇద్దరి సంతకమూ తప్పనిసరి అని వాటాదారుల ఒప్పందంలో రాయండి. వైద్య నిర్ణయాలు ఎవరి లైసెన్సు పరిధిలో వారివే. ఇద్దరూ మొండిపట్టు పడితే ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎన్నాళ్లలో తేల్చుకోవాలో ముందే రాయండి. స్నేహం బాగున్న రోజుల్లో రాసిన ఒప్పందమే చదవడానికి బాగుంటుంది.

అసలు ముడి విడిపోవడంలో ఉంది. ఈ పేరాను దయచేసి ఇద్దరూ కలిసి చదవండి. వాటాదారు చనిపోతే ఆ షేర్లు ఆరు నెలల్లో అర్హులకు గానీ సంస్థకు గానీ చేరాలి. లైసెన్సు పోయినా, సస్పెండయినా 90 రోజులు. మీకేమైనా అయితే మీ వారు గానీ పిల్లలు గానీ షేర్లు అట్టే పెట్టుకోలేరు, అమ్మేయాలి. ఎవరికి? మీ స్నేహితురాలికి 49 దాటకూడదు కాబట్టి ఆమె కూడా మొత్తం కొనలేదు. ఇంకో ఫిజియో దొరకాలి, ఆరు నెలల్లో. ఆ ధర ఎలా లెక్కకట్టాలో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు రాసుకోకపోతే, అప్పుడు రాయడానికి కూర్చునేది దుఃఖంలో ఉన్న మీ వారు, కంగారులో ఉన్న ఆమె, గంటలకు డబ్బు తీసుకునే నాలాంటి ఇద్దరు. జీవిత బీమా పాలసీతో ఆ కొనుగోలు డబ్బు ముందే ఏర్పాటు చేసుకోవడం చాలామంది చేసే పని.

లెక్కలమనిషి | బుధవారం ఉదయం 7:02

లాభం సగం సగం అన్న ప్రశ్నకు జవాబు నేను చెబుతాను. పీసీ పుట్టగానే పన్ను లెక్కలో అది సి కార్పొరేషన్. లాభం మీద 21 శాతం ఫెడరల్ పన్ను, దాన్ని డివిడెండుగా తీసుకుంటే మళ్లీ మీ మీద పన్ను. అందుకని చిన్న క్లినిక్‌లు చాలావరకు ఎస్ హోదా ఎంచుకుంటాయి, అందులో లాభం నేరుగా వాటాదారుల పన్ను లెక్కలోకి వస్తుంది. 2553 ఫారం, సంస్థ పని మొదలుపెట్టిన రెండు నెలల 15 రోజుల్లోపు వేయాలి. వాటాదారులు పౌరులో, పన్ను రీత్యా నివాసులో అయి ఉండాలి. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మీకు అడ్డు లేదు.

ఎస్ హోదాలో ఒక కట్టుబాటు ఉంది. ఒకే తరగతి షేర్లు ఉండాలి, పంపకం షేర్ల ప్రకారమే జరగాలి. 51, 49 షేర్లతో 50, 50 లాభం పంచితే ఎస్ హోదాకే ముప్పు తెచ్చుకున్నట్టు. జీతాలు మాత్రం ఎవరి పనిని బట్టి వారికి వేరుగా ఉండవచ్చు. ఆమె వారానికి రెండు గంటలు ఎక్కువ పనిచేస్తే ఆమె జీతం ఎక్కువ. ఆ రెండు శాతం తేడాను అక్కడ న్యాయంగా సర్దుకోవచ్చు, పని నిజంగా జరిగితేనే సుమా.

జీతం అనగానే అందరూ అడిగేది, ఎంత తక్కువ చూపించవచ్చని. వాట్సన్ అనే అకౌంటెంటు కథ వినండి, పైగా మా వృత్తివాడే. తన ఎస్ కార్పొరేషన్ నుంచి ఏడాదికి 24,000 డాలర్లే జీతం తీసుకుని, మిగతాది, 2002లో రెండు లక్షలకు పైగా, పంపకంగా రాసుకున్నాడు. జీతం మీద పడే సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) పన్ను పంపకం మీద పడదు కదా. ఐఆర్‌ఎస్ పట్టుకుంది. న్యాయమైన జీతం 91,044 డాలర్లని కోర్టు తేల్చింది, 2012లో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది. మీ అనుభవమున్న ఫిజియోకు బయట ఎంత ఇస్తారో అంతకు దగ్గరగా రాసుకుని నిద్రపోండి.

ఒంటరి_స్టెత్ గారి కోసం చిన్న లెక్క. సొంత పేరుతో చేసే ప్రాక్టీసులో నికరం 1,20,000 డాలర్లయితే స్వయం ఉపాధి పన్ను సుమారు 16,955. అదే ఎస్ కార్పొరేషన్ పెట్టి 90,000 జీతం తీసుకుంటే, సంస్థ, మనిషి కలిపి కట్టే పేరోల్ పన్ను 13,770. మిగిలింది 3,185. కానీ సంస్థ నికర ఆదాయం మీద కాలిఫోర్నియా 1.5 శాతం తీసుకుంటుంది, కానీ ఎంత తక్కువైనా 800 కట్టాలి. కార్పొరేషన్‌కు మొదటి ఏడాది ఆ కనీస పన్ను లేదు, రెండో ఏడాది నుంచి తప్పదు. ఇక పేరోల్ నడిపేవాళ్లకు, రెండో రిటర్ను వేసే నాకు ఇచ్చాక ఆయన చేతిలో ఏమీ మిగలదు. ఆయన పట్టుదలలో తప్పు లేదు. నికరం రెండున్నర లక్షలైనప్పుడు మళ్లీ నన్ను అడగమనండి.

ఒంటరి_స్టెత్ | బుధవారం ఉదయం 7:30

ఈ పోస్టును ప్రింటు తీసి గోడకు అంటించుకుంటాను.

పళ్ల_వైద్యుడు | బుధవారం సాయంత్రం 6:18

లీజు మాట వచ్చింది కాబట్టి నా కథ. సంస్థ ఉంది కదా అన్న ధీమాతో లీజు మీద సంస్థ తరఫున సంతకం పెట్టాను. చివరి పేజీ వెనక ఇంకో కాగితం కుట్టి ఉంది, వ్యక్తిగత హామీ. ఏడేళ్ల అద్దెకు నేను సొంతంగా పూచీ. నా ముందు కూర్చున్న ఏజెంటు వేలితో చూపించిన చోటల్లా సంతకాలు చేసుకుంటూ పోయాను, అది కూడా చేసేశాను. మూడో ఏడు వ్యాపారం మందగించినప్పుడు గానీ ఆ కాగితం విలువ తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

రెండో క్లినిక్‌కు నేర్చుకున్నాను. హామీ అసలే వద్దంటే యజమాని వినడు. అద్దె సక్రమంగా కడితే హామీ రెండేళ్లకు ముగియాలని, మొత్తం పన్నెండు నెలల అద్దె దాటకూడదని రాయించుకున్నాను. అడిగితే ఇచ్చారు, మొదటిసారి అడగలేదు అంతే.

మాల్‌ప్రాక్టీస్ పాలసీ విషయంలో కూడా జాగ్రత్త. పాత ఉద్యోగంలో మీ పాలసీ క్లెయిమ్స్-మేడ్ రకమైతే, అంటే పాలసీ అమల్లో ఉండగా వచ్చిన కేసులకే వర్తించేదైతే, మానేశాక వచ్చే పాత కేసులకు టెయిల్ కవరేజి ఎవరు కొంటారో రాజీనామాకు ముందే తేల్చుకోండి. కొత్త పాలసీలో మీ పేరుతోపాటు సంస్థ పేరు కూడా ఉండాలి.

ఉక్కుదూలం | బుధవారం రాత్రి 8:50

డాక్టరు గారూ, మీరు సోమవారం చెప్పిన సలహా కంటే ఇది చాలా బాగుంది.

లెక్కలమనిషి | బుధవారం రాత్రి 9:26

పాత ఎల్‌ఎల్‌సీ సంగతి మరిచిపోకండి. పుట్టి పన్నెండు నెలలు దాటలేదు, వ్యాపారం చేయలేదు కాబట్టి చిన్న ఫారంతో రద్దు చేసుకునే వీలుంది. ఊరికే వదిలేస్తే ఏటా 800 డాలర్ల బిల్లు ఇంటికి వస్తూనే ఉంటుంది. ఆ ఖాతాలోకి రోగుల డబ్బు ఒక్క డాలరు కూడా రానివ్వకండి. పీసీకి వేరే ఈఐఎన్ (సంస్థ పన్ను గుర్తింపు సంఖ్య) తీసుకోండి. ఐఆర్‌ఎస్ సైటులో ఉచితం, నిమిషాల్లో వస్తుంది, దానికి డబ్బు అడిగే సైట్ల వైపు వెళ్లకండి. సంస్థకు విడిగా టైప్ టూ ఎన్‌పీఐ (వైద్య సేవలు అందించేవారి గుర్తింపు సంఖ్య) కావాలి. బీమా ప్యానెళ్లకు, మెడికేర్‌కు దరఖాస్తులన్నీ కొత్త పేరుతో మళ్లీ మొదలు. దీనికే నెలలు పడుతుంది, అద్దె ఎప్పటి నుంచి మొదలవ్వాలో ఆ లెక్కతో మాట్లాడుకోండి.

నడక_క్లినిక్ | ఏడు వారాల తర్వాత, శనివారం ఉదయం 11:35

ఎంత మంది దారి చూపించారో, ఫలితం చెప్పకపోతే బాగుండదు.

పీసీ నమోదైంది. మేం ముచ్చటపడి పెట్టుకున్న పేరు మాత్రం మొదట్లోనే పోయింది. ఫిజియోథెరపీ కార్పొరేషన్ పేరులో ఫిజికల్ థెరపీ అన్న మాట, కార్పొరేషన్ అని తెలిపే మాట రెండూ ఉండాలట. ఇప్పుడు బోర్డు మీద అక్షరాలు చిన్నవి చేస్తే గానీ పట్టడం లేదు.

స్నేహితురాలితో నల్లకోటు గారి పోస్టును పక్కపక్కన కూర్చుని చదివాం. చావు పేరా దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమే, "నువ్వు పోతే నేను ఫిజియోను ఎక్కడ వెతకను, ముందే ఒక పేరు చెప్పి పో" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. మా పాత సహోద్యోగి ఒకరు ముందుగా కొనే హక్కు తీసుకోవడానికి ఒప్పుకున్నారు, ఆ మాట ఒప్పందంలో చేరింది. ఇద్దరి సంతకం కావలసిన పనుల జాబితాలో ఆమె తనంతట తాను ఇంకొకటి చేర్పించింది: కాఫీ యంత్రం. నేను చవకది కొంటానని భయం.

లీజు హామీ రెండేళ్లకు కుదిరింది. పన్నెండు నెలల పరిమితికి మాత్రం యజమాని ససేమిరా అన్నాడు, పద్దెనిమిది దగ్గర ఆగాం. మా వారు యంత్రాలకు పెట్టిన డబ్బుకు అప్పు పత్రం రాశాం. సమ్మతి పత్రం మీద సంతకం పెడుతూ, "ఓటు లేదు, విలువ ఉంది, అంటే ఇంట్లో లాగే" అన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. నిన్న ఒక ఉత్తరం వచ్చింది. పైన రాష్ట్ర ముద్రలాంటి బొమ్మ, మా సంస్థ పేరు, నమోదు సంఖ్య, గడువు తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. వార్షిక మినిట్స్ దాఖలుకు 243 డాలర్లు వెంటనే కట్టమంటున్నారు. మా వారు చెక్కు రాసి కవరులో పెట్టేశారు, ఇంకా పోస్టు చేయలేదు.

లెక్కలమనిషి | శనివారం ఉదయం 11:41

చెక్కు చించేయమనండి. మినిట్స్ ఎక్కడా దాఖలు చేసేవి కావు, రాసుకుని మీ దగ్గరే ఉంచుకోవాలి. కొత్త కార్పొరేషన్ల వివరాలు బహిరంగమే కాబట్టి ఇలాంటి ఉత్తరాలు ప్రైవేటు వాళ్లు పంపుతుంటారు. అడుగున చిన్న అక్షరాల్లో ఇది ప్రభుత్వ పత్రం కాదని ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. మీరు నిజంగా దాఖలు చేయవలసింది సంస్థ సమాచార పత్రం, నమోదైన 90 రోజుల్లోపు, 25 డాలర్లు. చేశారా?

నడక_క్లినిక్ | శనివారం ఉదయం 11:58

అడుగున ఉంది, మీరన్న మాటే. మా వారు ఇప్పుడే ల్యాప్‌టాప్ తీశారు. ఈసారి నేను పక్కన కూర్చున్నాను.